తీర్పరులెవరు? బీమా తగాదా, జ్యూరీ, మన సాహిత్యం

మన సాహిత్యంలో కోర్టు కొత్త వస్తువు కాదు. ‘కన్యాశుల్కం’ కాలం నుంచీ ప్లీడర్లు, గుమాస్తాలు, దొంగ సాక్షులు, హెడ్ కనిస్టేబుళ్లు మన పాఠకులకు బాగా ఎరుకైన మనుషులే. అయితే మన కోర్టు కథల్లో చెప్పుకోదగ్గ చోటు దొరకని పాత్ర ఒకటుంది. ఆ పాత్ర పేరు జ్యూరీ. పన్నెండుమంది మామూలు మనుషులు కూర్చుని, ఉభయ పక్షాల వాదనా విని, పక్కగదిలోకి వెళ్లి తలుపులు వేసుకుని తర్కించుకుని, బయటికి వచ్చి తమ నిర్ణయం చెప్పే దృశ్యం ఇంగ్లీషు, రష్యన్, అమెరికన్ నవలలు చదివినవారికి సుపరిచితం. ఆ దృశ్యం మన దగ్గర ఎందుకు లేకపోయింది, లేనందువల్ల మన సాహిత్యానికీ జీవితానికీ ఏ లోటు కలిగింది అనేదే ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్న ప్రశ్న.

ఇందుకు హత్యకేసును కాక బీమా తగాదాను ఉదాహరణగా తీసుకుంటున్నాను. దానికి కారణం ఉంది. హత్య ఊరికి ఏ పదేళ్లకో ఒకసారి జరుగుతుంది. బీమా కాగితం మాత్రం ఇవాళ దాదాపు ప్రతి ఇంటి ట్రంకుపెట్టెలోనూ ఉంది. పంట రుణంతోపాటు బీమా, ట్రాక్టరుకు బీమా, వేట పడవకు బీమా, ఇంటి యజమాని ప్రాణానికి బీమా. అంతేగాక ఇంత అసమానమైన పోరు సివిల్ కోర్టులో మరొకటి అరుదు. ఒకవైపు లక్షల పాలసీలు రాసి, ప్రతి మాటనూ తూచి వేసుకున్న సంస్థ. మరోవైపు ఆ కాగితాన్ని జీవితంలో ఒక్కసారైనా పూర్తిగా చదవని మనిషి, లేదా అతను పోయాక మిగిలిన భార్య. వీళ్ల మధ్య నిజం తేల్చవలసినవాడెవడు అన్నది కేవలం న్యాయశాస్త్ర ప్రశ్న కాదు, సాహిత్య ప్రశ్న కూడా.

కాగితం ఎవరు రాశారు, ఎవరు చదువుతారు

విమర్శకులం మనం కవితనూ కథనూ చదివినంత శ్రద్ధగా పాలసీ కాగితాన్ని చదవం. నిజానికి అదీ ఒక రచనే. దానికో కర్త ఉన్నాడు, ఉద్దేశించిన పాఠకుడున్నాడు, శైలి ఉంది. కర్త ఒక్కడే, పాఠకులు లక్షలు. కర్త చెప్పదలచినది మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చెప్పకుండా తప్పించుకోదలచినది వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో మినహాయింపుల రూపంలో ఉంటుంది. పాఠకుడికి మిగిలిన స్వేచ్ఛ ఒక్కటే: సంతకం పెట్టడం.

న్యాయశాస్త్రం ఈ అసమానతను గుర్తించలేదనడం సరికాదు. ఒప్పందంలో ఒక మాటకు రెండర్థాలు వస్తున్నప్పుడు, రాసినవాడికి ప్రతికూలమైన అర్థాన్నే తీసుకోవాలన్న సూత్రం పాతది. మన సుప్రీంకోర్టు 1966లో జనరల్ అస్యూరెన్స్ సొసైటీ కేసులో ఈ సూత్రాన్ని ప్రస్తావించింది. గంగ ఒడ్డున ధూలియాన్‌లో నది కోతకు గురైన ఇళ్ల బీమా తగాదా అది. సూత్రాన్ని చెప్పిన కోర్టే, ఒప్పందాన్ని కొత్తగా రాసే అధికారం తనకు లేదని కూడా చెప్పి, రద్దుచేసుకునే హక్కు కంపెనీకి ఉందని తేల్చింది. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకు ఆ తీర్పు పరాయిగా తోచదు.

ఇక్కడ సాహిత్య విద్యార్థి గమనించవలసిన అంశం ఒకటుంది. అర్థం రాతలో మాత్రమే ఉండదు, చదివేవారిలో కూడా ఉంటుంది. పాలసీలోని ‘మామూలు జాగ్రత్త’, ‘వెంటనే తెలియజేయడం’, ‘ముందే ఉన్న జబ్బు’ వంటి మాటలకు నిఘంటువులో అర్థం దొరకదు. ఏడాది పొడుగునా ఆస్పత్రి గడప తొక్కనివాడికి ‘ముందే ఉన్న జబ్బు’ అంటే ఏమిటి? తుఫాను రాత్రి కరెంటు, ఫోను రెండూ పోయిన లంక గ్రామంలో ‘వెంటనే’ అంటే ఎన్ని గంటలు? ఈ మాటలకు అర్థం చెప్పే అర్హత ఆ బతుకు బతికినవారిదా, బతకనివారిదా? జ్యూరీ గురించిన చర్చ అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

జ్యూరీ చరిత్ర: రెండు తీర్పులు

బీమా చట్టానికీ జ్యూరీకీ ఉన్న సంబంధం యాదృచ్ఛికం కాదు. 18వ శతాబ్దంలో లండన్‌లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే ప్రధాన న్యాయమూర్తి వర్తకులనే ప్రత్యేక జ్యూరీగా కూర్చోబెట్టి, వాళ్ల వాడుకను అడిగి తెలుసుకుంటూ, వర్తక చట్టాన్నీ బీమా చట్టాన్నీ తీర్చిదిద్దాడు. 1766 నాటి కార్టర్ కేసు అటువంటిదే. సుమత్రాలోని ఒక ఇంగ్లీషు కోట ఫ్రెంచివారి చేతికి చిక్కితే పరిహారం ఇవ్వాలన్న పాలసీ మీద తగాదా. బీమా అడిగేవాడు తనకు తెలిసినది దాచకూడదనే నియమం ఇవాళ్టికీ ఆ కేసు పేరుమీదే చలామణీ అవుతున్నది. కాని ఆ కేసులో జ్యూరీ తీర్పు బీమా చేసుకున్నవాడికే అనుకూలంగా వచ్చిందన్న సంగతినీ, సద్బుద్ధి బాధ్యత రెండు పక్షాల మీదా ఉంటుందని మాన్స్‌ఫీల్డ్ చెప్పిన సంగతినీ కంపెనీల తరఫు వకీళ్లు అంతగా గుర్తుచేయరు.

ఇది ఒక ముఖం. రెండో ముఖం 1783 నాటిది. ‘జాంగ్’ అనే బానిసల ఓడ నుంచి 1781 చివరలో నూట ముప్పై మందికి పైగా ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. నీళ్లు చాలవని సాకు. తలకు ముప్పై పౌండ్ల చొప్పున బీమా ఉంది కనుక ఓడ యజమానులు పరిహారం అడిగారు. బీమాదారులు ఇవ్వమన్నారు. లండన్‌లో జ్యూరీ కూర్చుని, మనుషుల్ని సరుకుగా ఎంచి, ఓడ యజమానుల పక్షాన తీర్పు చెప్పింది. ఆ తర్వాత మాన్స్‌ఫీల్డ్ కోర్టు పునర్విచారణకు ఆదేశించిన మాట నిజమే. అయినా జ్యూరీ ఆ మాట అన్నది అన్నదే. టర్నర్ 1840లో గీసిన బానిసల ఓడ చిత్రం వెనక ఈ ఘటన ఉందని కళాచరిత్రకారులు చెబుతారు.

ఈ తీర్పులో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, బీమా కంపెనీ ఓడిపోవడమే న్యాయం కాదు. జాంగ్ కేసులో బీమాదారులు ఓడిపోయారు, అయినా అది చరిత్రలోకెల్లా ఘోరమైన తీర్పుల్లో ఒకటి. రెండోది మరింత ముఖ్యం. జ్యూరీ అన్న పదం ఒక్కటే న్యాయానికి పూచీ ఇవ్వదు. ఆ పన్నెండుమంది ఏ వర్గంవాళ్లు, ఎవరి పక్కన కూర్చుని భోంచేస్తారు అన్నదే తీర్పును నిర్ణయిస్తుంది. ఆ గదిలోకి ఒక్క ఆఫ్రికన్‌ను రానిచ్చి ఉంటే ‘సరుకు’ అన్న మాట అంత తేలిగ్గా నోట వచ్చేది కాదు.

నవలలో జ్యూరీ

పాశ్చాత్య నవల ఈ సంస్థను భక్తితో చూడలేదు. డికెన్స్ ‘పిక్‌విక్ పేపర్స్’లో ఒక సివిల్ దావాను నవ్వుల పాలు చేశాడు. టమాటా సాస్ గురించి రాసిన చీటీ ప్రేమలేఖగా మారిపోయి, జ్యూరీ చేత ఏడువందల యాభై పౌండ్ల నష్టపరిహారం ఇప్పిస్తుంది. తొల్‌స్తొయ్ ‘పునరుత్థానం’లో నవ్వు లేదు. అక్కడ జ్యూరీ సభ్యులు మాస్లోవాను శిక్షించాలని అనుకోరు. కాని జవాబు రాసేటప్పుడు ‘ప్రాణం తీసే ఉద్దేశం లేదు’ అన్న మాట చేర్చడం మరిచిపోతారు. ఆ ఒక్క మాట లోపించి ఆమె సైబీరియా పాలవుతుంది. సాహిత్యం జ్యూరీ మీద పెట్టిన విమర్శల్లో ఇంత లోతైనది మరొకటి ఉందనుకోను. మనుషులు మంచివాళ్లే, చట్టం అడిగిన ప్రశ్న భాషే వాళ్లది కాదు.

బీమా తగాదానే ఇతివృత్తంగా తీసుకున్న నవల జాన్ గ్రిషమ్ 1995లో రాసిన ‘ది రెయిన్‌మేకర్’. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన ఏడో సవరణ, ఫెడరల్ కోర్టుల్లో ఇరవై డాలర్లకు మించిన సివిల్ దావాలలో జ్యూరీ విచారణ హక్కును కాపాడుతుంది. పాలసీ ఒప్పందమే గనుక ఆ తగాదా కూడా మామూలుగా ఈ హక్కు కిందికి వస్తుంది. గ్రిషమ్ నవలలో రక్త కేన్సరుతో కుర్రవాడు చనిపోతాడు. చికిత్సకు డబ్బివ్వని కంపెనీ, అతని తల్లిని కించపరుస్తూ రాసిన ఉత్తరం జ్యూరీ ముందుకు వస్తుంది. జ్యూరీ కంపెనీ మీద ఐదుకోట్ల డాలర్ల దండుగ వేస్తుంది. కంపెనీ దివాలా తీస్తుంది. ఆ తల్లికి చేతికి అందేది ఏమీ ఉండదు. కుర్ర వకీలు వృత్తినే వదిలిపోతాడు.

ఇది కాలక్షేపపు నవల అని మన విమర్శకులు తోసిపుచ్చవచ్చు. వ్యవస్థ మొత్తాన్ని కాక ఒక చెడ్డ కంపెనీనే దోషిగా చూపడం దీని పరిమితి. అయినా ముగింపులో రచయిత తెలిసో తెలియకో ఒక నిజం చెప్పాడు. జ్యూరీ నిజాన్ని బహిరంగం చేయగలదు, డబ్బు రాబట్టలేదు. పైగా ఆ దేశంలోనే ఉద్యోగి యాజమాన్యం ద్వారా పొందే బీమా తగాదాలను 1974 చట్టం కిందికి తెచ్చాక, వాటిలో జ్యూరీ హక్కు లేదని ఫెడరల్ కోర్టులు చాలావరకు తేల్చాయి. మధ్యవర్తిత్వ షరతులు మరికొన్నింటిని మింగాయి. హక్కు రాజ్యాంగంలో ఉంటుంది, దానిని దాటే దారి ఒప్పందంలో ఉంటుంది.

సాక్షి మిగిలాడు, తీర్పరి లేడు

మన దేశంలో జ్యూరీని బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ కేసులకు, అదీ ప్రధానంగా ప్రెసిడెన్సీ నగరాలకూ ప్రభుత్వం ఎంపికచేసిన జిల్లాలకూ తెచ్చారు. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం మిగిలిన సెషన్స్ కోర్టుల్లో అసెసర్లు ఉండేవారు. వాళ్ల అభిప్రాయం అడిగేవారు, దానికి జడ్జి కట్టుబడనవసరం లేదు. అంటే పాలకులు ప్రజల్ని కోర్టులోకి పిలిచారు, కూర్చోబెట్టారు, విన్నారు, తమకు తోచినట్టే చేశారు. మునసబు కోర్టులో భూమి తగాదా, అప్పు తగాదా ప్రజల ముందుకు వచ్చిన సందర్భమే లేదు. స్వాతంత్ర్యానంతరం లా కమిషన్ 1958లో జ్యూరీని రద్దు చేయమన్నది. 1959లో బొంబాయి నానావతి కేసులో జ్యూరీ ఎనిమిదిమంది ఒకవైపు, ఒక్కరు మరొకవైపు నిలిచి నిర్దోషి అన్నారు. హైకోర్టు ఆ నిర్ణయాన్ని తోసేసి శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయపరిచింది. 1973 కోడ్‌లో జ్యూరీ ఊసే లేదు. 1936 చట్టం కింద పార్శీ వివాహ తగాదాలు వినే ప్రతినిధులు మాత్రం ఆ పద్ధతికి ఆనవాలుగా మిగిలారు.

ఈ చరిత్ర మన సాహిత్య రూపాన్ని కూడా నిర్ణయించింది. పాశ్చాత్య కోర్టు కథకు పతాక సన్నివేశం తీర్పరుల గదిలో ఉంటే, మన కోర్టు కథకు అది సాక్షి బోనులో ఉంటుంది. ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు మీద ఖూనీకేసు నడుస్తుంది. గుంటూరు శాస్త్రులనే లేని మనిషి, ఆడపిల్ల కాని పెళ్లికూతురు, జరగని హత్య. కోర్టు యంత్రాంగమంతా ఈ అబద్ధం చుట్టూ తిరుగుతుంది. నిజం తెలిసిన మనిషి మధురవాణి. ఆమె దానిని కోర్టులో చెప్పలేదు. పురుషవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లవలసి వచ్చింది. న్యాయవ్యవస్థ మీద గురజాడ విమర్శ అంతా ఈ ఒక్క రంగంలో ఉంది: నిజం ఎవరికి తెలుసో వాళ్లకు కోర్టులో ఆసనం లేదు.

రావిశాస్త్రి ఈ విమర్శను మరింత ముందుకు తీసుకుపోయాడు. విశాఖలో వకీలుగా పనిచేసిన ఆయన ‘ఆరు సారా కథలు’లో ప్రొహిబిషన్ కేసుల లోగుట్టు విప్పాడు. ఆ కథల్లో కోర్టు భాష ఒకటి, ముద్దాయి భాష మరొకటి. ముద్దాయి మాట్లాడితే జీవితం వినిపిస్తుంది. అదే మాట రికార్డులోకి ఎక్కేసరికి జీవితం ఆవిరైపోతుంది. మధ్యలో ఆ జీవితం తెలిసిన తీర్పరి ఒక్కడూ లేడు. మన సాహిత్యంలో దొంగసాక్షి అంత పెద్ద పాత్ర కావడానికి కారణం మన జాతి నీతి తక్కువ కావడం కాదు. సామాన్యుడికి కోర్టులో దొరికిన పాత్ర సాక్షి, ముద్దాయి, కక్షిదారు, అంతవరకే. తీర్పరి పాత్ర ఎన్నడూ ఇవ్వలేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె

ఈ మూడు ఊళ్లను ఎంచుకోవడం ప్రాంతాభిమానం కొద్దీ కాదు. 1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది తెనాలిలో, తాపీ ధర్మారావు అధ్యక్షతన. తెలుగువాళ్లు తమ భాషకో రాష్ట్రం కావాలని తొలి ఆంధ్ర మహాసభగా కూడింది 1913లో బాపట్లలో. డబ్లిన్‌లో బారిష్టరు చదివి వచ్చి తెనాలిలో ప్రాక్టీసు పెట్టిన త్రిపురనేని రామస్వామి, 1920లో ‘శంబుక వధ’ రాసి పురాణాన్నే బోనెక్కించాడు. శంబుకుడి కథలో ఆరోపించినవారు, సాక్ష్యం చెప్పినవారు, శిక్ష కోరినవారు ఒకే వర్గంవారు. ముద్దాయిని అడిగినవాడు లేడు. దాన్ని అధర్మమని తెనాలి బారిష్టరు నిరూపించిన తీరు ఇవాళ్టి బీమా తగాదాకూ వర్తిస్తుంది. పాలసీ రాసింది కంపెనీ. చనిపోయినవాడి ఊరికి వచ్చి ఆరా తీసే పరిశోధకుణ్ణి పంపేది కంపెనీ. అతని నివేదిక చదివి ‘ఇవ్వం’ అని మొదటి తీర్పు చెప్పేది కూడా కంపెనీయే.

ఇదే తెనాలిలో హోటలు కార్మికుడిగా బతికి ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ నవలలు రాసిన శారద, మూర్ఛరోగంతో బాధపడుతూనే పనిచేసి, 1955లో ముప్పై ఏళ్ల ప్రాయంలో కన్నుమూశాడు. తమిళుడైన ఎస్. నటరాజన్ తెలుగు నేర్చి శారద అయ్యాడు. అటువంటి కార్మికుడి జీవితాన్ని బీమా ఫారం ముందు ఒకసారి ఊహించండి. ‘మీకు ఏదైనా జబ్బు ఉందా’ అన్న ప్రశ్నకు ఏజెంటు తనే ‘లేదు’ అని రాసేసి సంతకం పెట్టమంటాడు. తర్వాత మనిషి పోతాడు. చట్టం అడిగే ప్రశ్న: అతను ఉద్దేశపూర్వకంగా దాచాడా? కాగితం చూసేవాడికి దాచినట్టే ఉంటుంది. పక్కన టీ గ్లాసులు కడిగినవాడికి తెలుసు, జబ్బని చెబితే మర్నాడు పనిలో ఉండనివ్వరని, జబ్బును జబ్బుగా ఎంచుకునే స్తోమత కూలివాడికి లేదని. 1938 బీమా చట్టంలోని 45వ సెక్షన్ మొదట రెండేళ్లు దాటాక మోసాన్ని రుజువుచేసే భారం కంపెనీ మీద పెట్టింది. 2015 సవరణతో మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణం మీదా ప్రశ్నించరాదన్నది. మంచిదే. ఆ మూడేళ్లలోపు పోయినవాడి సంగతి? అక్కడ ‘ఉద్దేశం’ అన్న మాటకు అర్థం చెప్పే మనిషి ఎవరన్నదే కీలకం.

ఇక సముద్రం వైపు వద్దాం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమనూ రేపల్లె తాలూకానూ ముంచెత్తినప్పుడు పోయిన ప్రాణాలు పదివేలకు పైగా. అప్పటికి ఆ రైతుకు పంట బీమా అనేది అందుబాటులో లేదు. 1979లో ప్రయోగాత్మక పథకం, 1985లో సమగ్ర పంట బీమా, 1999లో జాతీయ వ్యవసాయ బీమా, 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చాయి. పేర్లు మారాయి, మూలసూత్రం మారలేదు. నష్టాన్ని ప్రధానంగా రైతువారీగా కాక ప్రాంతంవారీగా లెక్కిస్తారు. ఎంపికచేసిన మళ్లలో అయిదు మీటర్ల చతురపు ముక్క కోసి, దిగుబడి తూచి, ఆ ప్రాంతపు సగటు కట్టి, ముందే నిర్ణయించిన మట్టంతో పోల్చుతారు. సగటు బాగుంటే, మునిగిన చేను రైతు మునిగినట్టు కాదు. ‘నా చేను చూడండి’ అని అతను అడిగితే వినే వేదిక పథకంలో ఈ లెక్కకు లేదు.

2016 పథకంలో, కోసి పొలంలో ఆరబెట్టిన పంట పద్నాలుగు రోజుల్లోగా తుఫానుకు పాడయితే రైతువారీ పరిశీలనకు అవకాశం ఇచ్చారు. కాని డెబ్బైరెండు గంటల్లో తెలియజేయాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో డిసెంబరు మొదటివారమంటే వరి కోతల కాలమని, పనలు చేలోనే ఉంటాయని ఈ ప్రాంతంలో చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. నీళ్లలో నానుతున్న పనలను గట్టు మీదికి చేర్చుకోవడమా, ఫోను పట్టుకుని నంబరు తిప్పడమా? ఆ గంటల విలువ తెలిసినవారు తీర్పరులైతే గడువు దాటడం నేరంగా కనిపించదు. పైగా సాగుచేసేవాడు కౌలుదారు, కాగితం మీద ఉన్నది భూయజమాని. నష్టం ఒకరిది, పరిహారం మరొకరి ఖాతాది. ఈ తగాదాలో నిజమైన కక్షిదారు పేరే దావాలో ఉండదు.

చుండూరు అడిగే ప్రశ్న

ఇంతవరకు చదివిన పాఠకుడు, ‘అయితే ఊరివాళ్లను పన్నెండుమందిని కూర్చోబెట్టి తీర్పు చెప్పిస్తే సరిపోతుందంటావా’ అని అడగవచ్చు. అడగవలసిందే. ఈ నేలమీద ఆ ప్రశ్న అడగకుండా జ్యూరీని పొగడటం అమాయకత్వం కూడా కాదు, అన్యాయం.

1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం నెలకొల్పాలని బాధితులు పోరాడి సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఊరి పెద్దలనే జ్యూరీగా కూర్చోబెట్టి ఉంటే ఆ మొదటి తీర్పయినా వచ్చేదా? పెదరాయుళ్ల పంచాయితీని ప్రజాతీర్పు అనుకునే రొమాంటిక్ భ్రమను మన సినిమాలూ కొన్ని కథలూ పెంచాయి. రచ్చబండ మీద కూర్చున్నవాడికీ కింద నిలబడ్డవాడికీ మధ్య ఉన్న దూరాన్ని కారంచేడు, చుండూరు తర్వాత వచ్చిన దళిత కవిత్వం నిర్దాక్షిణ్యంగా చూపించింది. 1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం చదివాక ‘ఊరు’ అన్న మాటను ఏకవచనంగా వాడటం కష్టం.

కాని చుండూరు పాఠాన్ని సగమే చదవకూడదు. బాధితులు కోరింది కోర్టును ఊరికి దూరంగా తీసుకుపొమ్మని కాదు, ఊరిలోనే పెట్టమని. నడకదూరంలో, తమ కళ్లముందు, తమ భాషలో విచారణ జరగాలన్నారు. అంటే ప్రజల సమక్షం కావాలి, పెత్తందారుల పెత్తనం వద్దు. అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్లే నిండిన జ్యూరీల అన్యాయానికి అక్కడి పోరాటకారులు వెతికిన విరుగుడు జ్యూరీని రద్దుచేయడం కాదు, నల్లవారికి, స్త్రీలకు అందులో చోటు సాధించడం. జాంగ్ తీర్పు చెప్పే పాఠమూ ఇదే. పన్నెండుమంది ఎవరన్నదే అసలు సమస్య అయినప్పుడు, పరిష్కారం ఆ పన్నెండుమందిని మార్చడంలో ఉంటుంది. ఒక్కడి చేతిలో పెట్టినంత మాత్రాన ఆ ఒక్కడికి వర్గం, కులం ఉండవని ఎవరు చెప్పగలరు?

మనకు మిగిలిన తునకలు

మన చట్టంలో సామాన్యుడికి తీర్పరి పీట వేసే ప్రయత్నం అసలే జరగలేదనలేం. 1986 వినియోగదారుల రక్షణ చట్టం జిల్లా ఫోరంలో అధ్యక్షుడితోపాటు ఇద్దరు సభ్యులు ఉండాలన్నది, వారిలో ఒకరు స్త్రీ కావాలన్నది, మెజారిటీ అభిప్రాయమే తీర్పు అన్నది. బీమా తగాదాలు వేలకువేలుగా అక్కడికే వెళ్లాయి. ఒక విధంగా మధురవాణికి ఆసనం దొరికిన తొలి కోర్టు ఇది. 2002లో దానికి సవరణ చేసి, సభ్యుడికి ముప్పై అయిదేళ్లు నిండాలి, డిగ్రీ ఉండాలి అన్నారు. ఒక్క కలంపోటుతో రేపల్లె కౌలురైతు, నిజాంపట్నం మత్స్యకారుడు, తెనాలి హోటలు కార్మికుడు అర్హత కోల్పోయారు. డిగ్రీ ఉంటే తప్ప పన తడిసిందో లేదో తెలియదన్నమాట!

అదే 2002లో న్యాయసేవల చట్టానికి సవరణ తెచ్చి శాశ్వత లోక్ అదాలత్‌లను ఏర్పాటు చేశారు. బీమా సేవను కూడా ఆ పరిధిలో చేర్చారు. రాజీ కుదరకపోతే ముగ్గురు సభ్యులు తీర్పే చెప్పవచ్చు. 2012లో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు చెల్లుతుందన్నది. రూపం బాగానే ఉంది. కాని ఈ సభ్యులెవరూ జనంలోంచి చీటీ తీసి ఎంచినవారు కారు, ప్రభుత్వం నియమించినవారు. జ్యూరీ సారం ఏమిటంటే, తీర్పరి కావడానికి ఎవరి ప్రాపకమూ అక్కరలేదు. పౌరుడైతే చాలు. ఆ సారం మన దగ్గరికి ఇంకా రాలేదు.

భాష అనే హక్కు

జ్యూరీ వల్ల తీర్పులు మెరుగవుతాయా అన్నది వాదించుకోవచ్చు. కాని ఒక ప్రయోజనం మాత్రం వాదనకు అతీతం. ఎదురుగా పన్నెండుమంది సామాన్యులు కూర్చుని ఉంటే వకీలు వాళ్లకు అర్థమయ్యేలా మాట్లాడి తీరాలి. సెక్షన్ నంబరు చెప్పి కూర్చుంటే కుదరదు. పాలసీలోని మినహాయింపు ఏమిటో, ఎందుకు పెట్టారో, అది ఈ మనిషికి ముందే చెప్పారో లేదో మామూలు మాటల్లో చెప్పాలి. అనేక అన్యాయాలు మామూలు మాటల్లో చెప్పబోతే నోరు పెగలక ఆగిపోతాయి. ఈ అర్థంలో జ్యూరీ విచారణ హక్కు మొదట భాషా హక్కు. మాస్లోవాను సైబీరియాకు పంపింది ఆ హక్కు లోపమే.

గిడుగు, గురజాడలు వ్యావహారికం కోసం చేసిన పోరాటాన్ని మనం పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో గెలిచాం. పాలసీ కాగితంలో, కోర్టు రికార్డులో ఇంకా గెలవలేదు. ఆరోగ్య బీమాలో సారాంశ పత్రాన్ని అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలని నియంత్రణ సంస్థ నిబంధన తెచ్చింది, 2024 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. అడిగితే ఇస్తారు! అడగాలని తెలియడానికి ముందు చదవగలగాలి. తెలుగులో ఇచ్చినా ఏ తెలుగులో ఇస్తారన్నది మరో ప్రశ్న. సంస్కృత సమాసాలతో కట్టిన కోట ఇంగ్లీషు కోటకంటే తక్కువ ఎత్తేమీ కాదు.

రచయితలు చేయవలసింది

‘బూర్జువా న్యాయస్థానానికి మరమ్మతులు చేయడం మన పనా’ అని మనలో కొందరు మిత్రులు అంటారు. ఆస్తి సంబంధాలు మారకుండా కోర్టు మారదన్నది సత్యమే. కాని ఆ మార్పు వచ్చేవరకు భర్త పోయిన స్త్రీ కంపెనీ ఉత్తరాన్ని చేతిలో పట్టుకుని వేచి ఉండలేదు. కార్మికుడు ఎనిమిది గంటల పనిని సాధించుకున్నది కూడా ఆస్తి సంబంధాలు మారకముందే.

తీర్పరి పీట మీద కౌలురైతు, మత్స్యకారుడు, దళిత స్త్రీ చీటీ తీసి ఎంచిన పద్ధతిలో కూర్చునే రోజు చట్టసభ ఇవ్వాలి. ఆ తీర్పుకు కారణాలు రాయాలి, పై కోర్టుకు వెళ్లే దారి ఉండాలి. ఇవి చట్టం చేసేవాళ్ల పనులు. రచయిత పని వేరే ఉంది. తోసిపుచ్చిన ఒక క్లెయిము కథను మొదటినుంచి చివరిదాకా రాసిన నవల మనకు కావాలి. ఏజెంటు ఇంటికి వచ్చి ఫారం నింపిన మధ్యాహ్నం, పరిశోధకుడు ఊళ్లో పొరుగువాళ్లకు టీ ఇప్పించి కూపీ లాగిన సాయంత్రం, ఆ పొరుగువాడు ఎందుకు అలా చెప్పాడన్న సంగతి, కమిషన్ ముందు వాయిదాల లెక్క: ఇవన్నీ సాహిత్యానికి పనికివచ్చే వస్తువులే. అందులో కంపెనీ గుమాస్తా రాక్షసుడు కానక్కరలేదు. అతనికీ టార్గెట్లు, బదిలీలు, ఇంటి అద్దె ఉంటాయి. వ్యవస్థ అతని చేత ఎలా ‘ఇవ్వం’ అనిపిస్తుందో చూపితే చాలు.

చట్టం పన్నెండుమందిని కూర్చోబెట్టనిచోట, చదివే ప్రతి పాఠకుణ్ణీ తీర్పరిగా కూర్చోబెట్టగల శక్తి నవలకుంది. గురజాడ, రావిశాస్త్రి మనల్ని ఆ పీట మీద కూర్చోబెట్టారు. బీమా కాగితం విషయంలో ఆ పని ఇంకా మొదలు కావలసి ఉంది.